పిచ్చయ్య పేరున ఉన్న మీటరు

చేలల్లో పురుగుమందు కొట్టే పిచ్చయ్య అనే ఆయన ఇంట్లో రెండు ఏసీలు ఉన్నాయట. బయటికి చూస్తే రేకుల ఇల్లేనట గానీ లోపల గోడలకి సైతం టైల్సట. కరెంటు ఆఫీసరు ఇంటికొచ్చి, ఇన్ని యూనిట్లు ఎలా కాలుతున్నాయయ్యా అని అడిగితే, మొత్తం మేమే కాలుస్తున్నాం, మాకేం తక్కువ అని మీసం తిప్పి చెప్పాడట. ఆ గొప్పతోటే కూతురికి గవర్నమెంటు కట్టే ఫీజు ఆగిపోయి, నర్సు కావాల్సిన పిల్ల ఇంటికొచ్చేసిందట.

ఈ కథ నేను మొన్న ఫిబ్రవరిలో మిరపచేలో విన్నాను. చెప్పింది పొన్నూరు వైపు నుంచి వచ్చిన కూలీల ముఠాలో ఒకావిడ. అక్కడ వరి పనులు అయిపోగానే వాళ్ళు ఏటా మా వైపు మిరపకోతలకి వస్తారు. రైతు పాకలోనే వండుకుని రెండు నెలలు ఉంటారు. ఆవిడ ఊళ్ళో కిరాణా కొట్టు దగ్గర విన్నదట. చెబుతుంటే వాళ్ళ ముఠా అంతా నవ్వింది.

"ఏసీలో పడుకున్నోడు పొద్దున్నే మందు కొట్టడానికి ఎట్టా లేచేవాడో పాపం" అని ఇంకొకావిడ అంది. మళ్ళీ నవ్వారు.

మా ముఠాలో పదకొండుమందిమి. ఎవరం మాట్లాడలేదు. మా అమ్మ రాజ్యం తల కూడా ఎత్తలేదు. నా పక్క సాలులో మహిమ ఉంది. పిచ్చయ్య కూతురు ఆమే. ఆ సంగతి పొన్నూరు వాళ్ళకి తెలియదు. మహిమ వింటూనే చెట్టు తర్వాత చెట్టు కోసుకుంటూ ముందుకి వెళ్ళిపోయింది. రంగు తేలిన తాలుకాయ ఒకటి కూడా ఒడిలో పడకుండా కోస్తుంది. మొదటి ఏడాదే మా అందరికంటే చెయ్యి వేగంగా తిరిగింది.

ఆమె నర్సింగు రెండో సంవత్సరం పరీక్షలు రాయలేదన్నది నిజమే. కాలేజీలో కట్టాల్సింది అలాగే ఉంది కాబట్టి పదో తరగతి, ఇంటరు సర్టిఫికెట్లు ఇంకా కాలేజీ వాళ్ళ బీరువాలోనే ఉన్నాయి. అవి లేకుండా ఇంకెక్కడా చేరడానికి లేదు.

మేం నోరు మూసుకుని ఉండటానికి కారణం ఉంది. ఆ కథ అబద్ధమని చెప్పాలంటే ఆ కరెంటు ఎటు పోయిందో కూడా చెప్పాలి. అది మా కాలనీలో అందరికీ కొంచెం కొంచెం పోయింది. ఇప్పుడు ఆ వైరు లేదు. చెప్పినా ఎవరికీ నష్టం లేదు. నలుగురిలో మాట్లాడటం నాకు రాదు కాబట్టి రాస్తున్నాను.

పిచ్చయ్య బాబాయికి అసలు మీసం లేదు. ఆయన చేలల్లో మందు కొడతాడు. ఇరవై లీటర్ల ట్యాంకు వీపుకి తగిలించుకుని, ముక్కుకి తువాలు చుట్టుకుని పత్తిలోనూ మిరపలోనూ సాలు వెంట సాలు నడుస్తాడు. మందు వాసన మీసానికి పట్టుకుంటే సబ్బు పెట్టి రుద్దినా పోదట, నోట్లో ముద్ద పెట్టుకుంటే అదే వాసనట. అందుకని పెళ్ళయిన ఏడే తీసేశాడు. ఆయన భార్య రెబ్కా పిన్ని ఇప్పటికీ ఆయన్ని ఏడిపిస్తుంది. మీసమున్నోడిని చూపించి మీసం లేనోడికి కట్టబెట్టారని అంటుంది. ఆయన చిన్నగా నవ్వి ఊరుకుంటాడు. మనిషే అంత. పదిమాటలకి ఒక మాట చెబుతాడు.

ఆయన జీవితంలో గొప్పగా చెప్పుకునేది ఒకటే ఉంది. మా కాలనీలో మొదటి కరెంటు మీటరు ఆయనది. అంతకుముందు అందరం స్తంభం మీద కొక్కేలు వేసుకునేవాళ్ళం. లైన్‌మన్ వచ్చి కర్రతో లాగి పడేసేవాడు, సాయంత్రానికి మళ్ళీ వేసుకునేవాళ్ళం. ఒకసారి అలా కొక్కెం వేస్తూ ఒకాయన చెయ్యి కాల్చుకున్నాడు. ఆ మర్నాడు పిచ్చయ్య బాబాయి పని మానుకుని మండలానికి వెళ్ళాడు. అలా నాలుగుసార్లు వెళ్ళాడు. సంతకం తప్ప రాయడం రాదు. అయినా సర్వీసు నంబరు మొత్తం ఇప్పటికీ నోటికి చెబుతాడు. మీటరు బిగించిన రోజు లోపల చక్రం తిరగడం చూడటానికి జనం వచ్చారట. మహిమ అప్పటికి మూడు నెలల పిల్ల.

తర్వాత కొన్నాళ్ళకి ఆయన ఇంటి పక్కనే మా మందిరం కట్టుకున్నాం. స్థలం వాగు పోరంబోకు. రాళ్ళు మోసింది మేమే, ఇసుక తెచ్చింది మేమే, కానీ కాగితం లేదు. కాగితం లేని కట్టడానికి మీటరు ఇవ్వరు. మందిరం తెరిచిన ఆదివారం, అందరూ కానుకలు ఇస్తుంటే పిచ్చయ్య బాబాయి ఇంట్లోకి వెళ్ళి ఒక వైరు చుట్ట తెచ్చాడు. తన మీటరు నుంచి గోడ మీదుగా లాగి మందిరం కిటికీలోంచి లోపలికి ఇచ్చాడు. నేను ఇచ్చుకోగలిగింది ఇదేనండి అన్నాడట పాస్టరు గారితో. అప్పుడు లోపల ఉన్నవి రెండు బల్బులు, ఒక మైకు.

మా దగ్గర ఒక అలవాటు ఉంది. ఇంట్లో మంచి జరిగితే మందిరానికి ఏదో ఒకటి ఇస్తారు, దాని మీద పేరు రాయిస్తారు. మేస్త్రీ కోటేష్‌కి మొదటి కాంట్రాక్టు దొరికినప్పుడు నాలుగు ఫ్యాన్లు ఇచ్చాడు. ఒక్కో ఫ్యాను రెక్క మీద అతని ఇంటిపేరు ఉంటుంది, తిరగనప్పుడు చదవచ్చు. దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో కొడుక్కి పని దొరికినవాళ్ళు కీబోర్డు ఇచ్చారు. ఆ తర్వాత పెద్ద సౌండు బాక్సులు వచ్చాయి. కూలర్లు వచ్చాయి. ఒక ఏడు అందరం కలిసి బోరు వేయించి మోటరు పెట్టించాం. అప్పటి నుంచి కాలనీ మొత్తానికి నీళ్ళు మందిరం కుళాయి దగ్గరే. చివరికి చనిపోయినవాళ్ళని ఉంచే ఫ్రీజరు పెట్టె కూడా ఎవరో ఇచ్చారు. దాని మీద కూడా పేరు ఉంది. కరెంటు మీద పేరు రాయడానికి చోటు ఉండదు. బిల్లులో కొంత కానుకల్లోంచి ఇచ్చేవారు, మిగతాది బాబాయి కట్టేవాడు. ఎంత కట్టేవాడో ఎవరం అడగలేదు.

మహిమ, నేను పదో తరగతి దాకా ఒకే బెంచీ. తర్వాత నేను కోతలకి వచ్చేశాను, ఆమె ఇంటరు చదివి గుంటూరులో నర్సింగు సీటు తెచ్చుకుంది. ప్రైవేటు కాలేజీయే అయినా కౌన్సెలింగులో వచ్చిన సీటు కాబట్టి ఫీజు గవర్నమెంటు కడుతుంది. అదే లేకపోతే మా కాలనీలో ఎవరూ ఆ గేటు దాకా కూడా వెళ్ళలేరు. దరఖాస్తు పెట్టినప్పుడు నేను కూడా ఉన్నాను. ఆదాయం కాగితం, కులం కాగితం, రేషన్ కార్డు, రెబ్కా పిన్ని బ్యాంకు పుస్తకం. పిన్ని వేలిముద్ర మిరపకాయలు కోసి కోసి అరిగిపోయి మిషను మీద పడలేదు. కొబ్బరినూనె రాసి, తుడిచి, ఐదోసారికి పడింది. ఆ రోజు ఇద్దరం బస్టాండులో చెరుకురసం తాగాం.

డబ్బు ఒకసారి వచ్చిందంటే ప్రతి ఏడూ వస్తుందని కాదు. ఏడాదికోసారి మళ్ళీ పెట్టుకోవాలి, మళ్ళీ అన్నీ సరిచూస్తారు. కాలేజీలో హాజరు నూటికి డెబ్బై ఐదు ఉండాలి. మహిమ ఆ విషయంలో మొండిది. జ్వరమొచ్చినా వెళ్ళి వేలిముద్ర వేసి వచ్చి పడుకునేది. మొదటి ఏడు వాళ్ళ నాయనమ్మ ఒక గురువారం చనిపోయింది. ఆ వారం వార్డు డ్యూటీలు, మానేస్తే ఒక్కరోజుకి మూడు రోజులు పోతాయని మహిమ చెప్పింది. పిచ్చయ్య బాబాయి సరేనమ్మా అన్నాడు. శనివారం సాయంత్రం మహిమ వచ్చేదాకా ముసలమ్మని ఫ్రీజరు పెట్టెలో ఉంచారు. కన్నతల్లిని అలా ఉంచి బయట అరుగు మీద రెండు రోజులు కూర్చున్నాడు. ఎవరైనా పలకరిస్తే, పిల్లకి హాజరు పోతుందండి అని చెప్పేవాడు.

రెండో ఏడు జాబితా ఊరి సచివాలయం గోడకి అంటించారని తెలిసి రెబ్కా పిన్ని నన్ను తోడు తీసుకెళ్ళింది. నాకు చదవడం వచ్చని. బాబాయి మా వెనకాల వచ్చాడు. అర్హుల జాబితాలో మహిమ పేరు రెండుసార్లు వెతికాను. లేదు. పక్కన ఇంకో కాగితం ఉంది. అందులో ఉంది. పేరుకి ఎదురుగా కారణం రాసి ఉంది, కరెంటు వాడకం ఎక్కువ అని.

పిన్ని నమ్మలేదు. సరిగ్గా చదవమంది. మళ్ళీ చదివాను.

లోపల సంక్షేమం పనులు చూసే అబ్బాయి పేరు నాగూర్ వలి. మంచివాడు. పిన్నిని కుర్చీలో కూర్చోమని, కంప్యూటరు మా వైపు తిప్పి చూపించాడు. ఏడాది సగటున నెలకి మూడువందల యూనిట్లు దాటితే అనర్హులట. పిచ్చయ్య పేరున ఉన్న మీటరు సగటు మూడువందల ఇరవై ఆరు.

"సార్, మా ఇంట్లో రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక టీవీ" అంది పిన్ని.

"నాకు తెలుసమ్మా. మీ ఇల్లు నేను చూడలేదా? దీనికి తెలియదు" అన్నాడు కంప్యూటరు వైపు చూపిస్తూ.

వైరు ఇప్పుడే తీసేస్తామని బాబాయి అన్నాడు. తీసినా లాభం లేదని, లెక్కలోకి వచ్చేది గడిచిన పన్నెండు నెలలని నాగూర్ వలి చెప్పాడు. దారి ఒకటే ఉందట. అభ్యంతరం పెడితే కరెంటు ఆఫీసు వాళ్ళు ఇంటికి వచ్చి చూస్తారు. ఈ యూనిట్లన్నీ ఇంటివి కావు, వైరు మరోచోటికి వెళుతోందని వాళ్ళు రాసిస్తే, అది పైకి పంపి పేరు మార్పించగలడు. బాబాయి చేయాల్సింది వాళ్ళ ముందు ఆ ఒక్క మాట చెప్పడం.

అది చెబితే ఏమవుతుందో కూడా అతను దాచలేదు. ఇంటి మీటరు నుంచి వేరే కట్టడానికి లైను ఇవ్వడం తప్పు. మీటరు ఎవరి పేరున ఉందో వాళ్ళ మీద కేసు రాస్తారు. ఆ కట్టడం ఎవరిది, కాగితాలేవి అని రెవెన్యూ వాళ్ళకి ఉత్తరం వెళుతుంది. మా మందిరానికి అప్పటికే రెండుసార్లు నోటీసు వచ్చి ఎలాగో ఆగింది.

చెప్పకపోతే ఏమవుతుందో పిన్ని అడిగింది. నెలాఖరుకి ఫీజు సంగతి తేలకపోతే కాలేజీ హాల్‌టికెట్ ఇవ్వదు. పరీక్ష పోతే ఆ ఏడు మళ్ళీ చదవాలి. మళ్ళీ చదివే ఏడుకి గవర్నమెంటు కట్టదు.

పిన్ని అభ్యంతరం కాగితం రాయించింది, బాబాయి సంతకం పెట్టాడు. వచ్చేటప్పుడు కూడా బాబాయి మా వెనకాలే నడిచాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు ఆగారు. బాబాయి కూడా సంఘ పెద్దే, మందిరం తాళం ఆయన దగ్గరే ఉంటుంది. మేం ఆడవాళ్ళం వెనక చాపల మీద కూర్చున్నాం. ఆయన లేచి, బుధవారం కరెంటోళ్ళు వస్తున్నారు, వాళ్ళు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పమంటారా అని అడిగాడు. అంతకంటే ఏమీ అనలేదు.

 కోటేష్ అన్నాడు, "చెబితే మందిరం పోద్ది బాబాయ్. చెప్పకపోతే ఒక ఏడు పోద్ది. ఏడు మళ్ళీ వస్తది."

"ఏడు రాదంటున్నారు కోటేషూ" అన్నాడు బాబాయి.

జనరేటరు కొందామని ఒకరు అన్నారు. అది వచ్చే నెలకి సంగతి, పోయిన పన్నెండు నెలలకి కాదు. చందా వేసి ఫీజు కడదామని ఇంకొకరు అన్నారు. కానుకల పళ్ళెం మళ్ళీ ఒకసారి తిప్పారు. అది కోతలు మొదలుకాని నెల, ఎవరి దగ్గరా ఏమీ లేదు. వచ్చింది బస్సు పాసుకి సరిపోతుంది. పాస్టరు గారు పెద్దాయన. నేను చెప్పమనలేను, వద్దనలేను పిచ్చయ్యా అని కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత మహిమ చదువు కోసం ప్రార్థన చేశారు. అలవాటు కొద్దీ మైకు పెట్టే చేశారు. కాలనీ చివరి దాకా వినపడింది.

సోమవారం కుళాయి దగ్గర రెబ్కా పిన్ని నోరు విప్పింది. బిందెల వరసలో నిలబడి అందరినీ పేరుపేరునా అడిగింది. "ఈ నీళ్ళు పట్టుకెళ్ళి తాగేటప్పుడు నా కూతురు గుర్తుకు రాదంటే? మీ ఫ్యాన్ల మీద మీ పేర్లు రాయించుకున్నారు. నా మొగుడి పేరు ఎక్కడుందే? కంప్యూటర్లో ఉంది, అనర్హుడని."

 ఆ పూట నలుగురైదుగురు ఖాళీ బిందెలతో వెనక్కి వెళ్ళారు. మా అమ్మ కూడా వెళ్ళింది. కానీ ఊళ్ళో ఇంకో కుళాయి కిలోమీటరు దూరం. మర్నాడు పొద్దున్నే మళ్ళీ అందరం అక్కడే ఉన్నాం. పిన్నే పైపు తీసి మా బిందెల్లో పెట్టింది.

ఆ సోమవారం సాయంత్రమే పిచ్చయ్య బాబాయి పాస్టరు గారింటికి వెళ్ళి మందిరం తాళంచెవి బల్ల మీద పెట్టాడని తెలిసింది. బుధవారం తర్వాత ఇది నా దగ్గర ఉండకూడదండి అన్నాడట. దాంతో ఆయన ఏం చెప్పదలుచుకున్నాడో కాలనీకి అర్థమైంది. కూతురి కోసం నిజం చెప్పేస్తాడు. ఎవరూ ఆయన్ని తిట్టలేదు. ఎదురుపడితే పక్కకి తప్పుకోవడం మాత్రం మొదలుపెట్టారు. పిల్లలు కూడా.

మహిమ మంగళవారం సాయంత్రం బస్సు దిగింది. హాజరు పోగొట్టుకుని వారం మధ్యలో ఇంటికి రావడం అదే మొదటిసారి. నేను కుళాయి దగ్గర ఉంటే వచ్చి పక్కన కూర్చుని అన్నీ అడిగింది. నాకు తెలిసినంత చెప్పాను. తాళంచెవి సంగతి చెప్పినప్పుడు వాళ్ళ గుమ్మం వైపు చూసింది. ఆ తాళంచెవి వాళ్ళింట్లో గుమ్మం పక్క మేకుకి ఉండేది. ఆమెకి ఊహ తెలిసినప్పటి నుంచీ అక్కడే ఉంది.

"మందు కొట్టి వచ్చి, స్నానం చేసి, అన్నం తినకముందే వెళ్ళి మందిరం ఊడ్చేవాడే" అంది. "రేపటి నుంచి సాయంత్రం ఎక్కడికి వెళతాడు?"

 నువ్వు చదువు గురించి ఆలోచించు అనాలనిపించింది. అలాంటి మాటలు నా నోటికి సమయానికి రావు.

"మా కాలేజీలో మూడో సంవత్సరం నుంచి గుంటూరు పెద్దాసుపత్రిలో డ్యూటీ వేస్తారు తెలుసా" అంది కాసేపటికి. తెల్ల బూట్లు కొనుక్కోవాలట. ఎక్కడ చవగ్గా దొరుకుతాయో కూడా కనుక్కుని ఉంచింది. నీళ్ళు ఆగిపోయాక లేచి వెళ్ళింది.

బుధవారం పదిన్నరకి జీపు వచ్చింది. కరెంటు ఆఫీసు నుంచి ఏఈ గారు, లైన్‌మన్, వాళ్ళ వెనక బండి మీద నాగూర్ వలి. కాలనీలో ఆ రోజు ఎవరూ పనికి వెళ్ళలేదు. ఎవరి గుమ్మం ముందు వాళ్ళు నిలబడ్డారు. నేను మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఉన్న దడి దగ్గర ఉన్నాను. అన్నీ కనపడుతున్నాయి, వినపడుతున్నాయి.

పిచ్చయ్య బాబాయి గడ్డం గీసుకుని, క్రిస్మస్‌కి కుట్టించుకున్న తెల్ల చొక్కా వేసుకుని మీటరు కింద నిలబడ్డాడు. రెబ్కా పిన్ని ఆయన పక్కన. మహిమ గుమ్మంలో.

లైన్‌మన్ మీటరు చూసి అంకెలు చెప్పాడు. ఏఈ గారు రాసుకున్నారు. తర్వాత తల ఎత్తి వైరు చూశారు. మీటరు దగ్గర మొదలై, గోడ దాటి, మందిరం కిటికీలోకి వెళ్ళే నల్ల వైరు. చిన్నపిల్లాడికైనా కనపడుతుంది. ఆయన కసురుకునే మనిషి కాదు. కాగితాలు చంకలో పెట్టుకుని నెమ్మదిగా చెప్పారు.

"చూడవయ్యా, ఇక్కడ నేను చూసింది రాయను. నువ్వు చెప్పిందే రాస్తాను. ఆ వైరు ఇంకో కట్టడానికి వెళుతోందని నువ్వంటే నీ కూతురి పని అవుతుంది. కానీ ఆ లైను నేను ఈ నిమిషమే కోసెయ్యాలి, నీ మీద కేసు రాయాలి, ఆ కట్టడం గురించి పైకి రాయాలి. తర్వాత నా చేతుల్లో ఉండదు. ఇప్పుడు చెప్పు. ఆ వైరు ఎక్కడికి?"

బాబాయి పెదాలు తడుపుకున్నాడు. నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. ఎదురుగా కోటేష్ నేలకేసి చూస్తున్నాడు. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాబాయి రెండోసారి నోరు తెరిచాడు.

"మా ఇంటికేనండి."

ఆ మాట గుమ్మంలోంచి వచ్చింది. మహిమ మెట్టు దిగి ముందుకు వచ్చింది.

"ఏంటమ్మా?" అన్నారు ఏఈ గారు.

"ఆ వైరు మా ఇంటికేనండి. కరెంటంతా మేమే కాలుస్తున్నాం."

నాగూర్ వలి గబగబా వచ్చాడు. "అమ్మాయ్, ఆలోచించుకుని చెప్పు. ఒకసారి రాశాక నేను మార్చలేను" అన్నాడు.

"ఆలోచించుకునే చెప్పానండి" అంది.

రెబ్కా పిన్ని గోడకి ఆనుకుని అలాగే కిందికి కూర్చుండిపోయింది. ఏడవలేదు.  ఏఈ గారు ఇంకోసారి వైరు చూశారు, మందిరం చూశారు, మహిమని చూశారు. కొంచెంసేపు ఆగారు. ఎవరైనా కాదంటారేమోనని ఆగినట్టు నాకు అనిపించింది. ఇరవై ఇళ్ళ గుమ్మాల్లో మనుషులం ఉన్నాం. నేను దడి పట్టుకుని ఉన్నాను. ఎవరం కాదనలేదు.

"మీటరు నీ పేరునే ఉంది. అంతేనా మరి?" అని బాబాయిని అడిగారు.

బాబాయి ఆయన వైపు చూడలేదు. కూతురినే చూస్తున్నాడు. మహిమ ముందుకొచ్చి, ఏఈ గారి చేతిలోంచి కాగితం అట్ట తీసుకుని, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది. ఆయన పెట్టాడు. అక్షరానికి అక్షరం కూడబలుక్కుంటూ, ఎప్పుడూ పెట్టినంతసేపే పెట్టాడు. జీపు వెళ్ళిపోయింది. మధ్యాహ్నం కోటేష్ నిచ్చెన తెచ్చి వైరు తీసేశాడు. సాయంత్రం పాస్టరు గారు తాళంచెవి తెచ్చి మహిమ చేతికి ఇచ్చి వెళ్ళారు.

నెలాఖరున కాలేజీ వాళ్ళు హాల్‌టికెట్ ఇవ్వలేదు.

పిచ్చయ్య బాబాయి ఆ రోజు ఏఈ గారితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.